వర్కుహౌసులో పుట్టిన ముత్తవ్వలు

మన యిండ్లలో తర్పణము విడుచునపుడు తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో బాటు తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆమె యత్తగారి పేరు గూడ చెప్పుదురు. అంతకు పైతరము స్త్రీల పేర్లు తెలిసిన యిల్లు అరుదు. ఇంగ్లండులో ఇట్టి యాచారము లేదు. అయినను కొన్ని దశాబ్దములుగా ఆ దేశపు గృహస్థులకు తమ పూర్వుల జాడ తెలిసికొనవలెనను కోరిక మిక్కిలి ప్రబలినది. గ్రంథాలయములలోను, జిల్లా రికార్డు కార్యాలయములలోను, ఇపుడు ఇంటి కంప్యూటరు ముందరను కూర్చుండి పాత దస్తరములను తిరుగవేయువారు అక్కడ లక్షలకొలది కలరు.

ఇట్లు వెదకువారిలో అనేకుల చేతికి ఒకనాడు ఒక కాగితము వచ్చును. అది ముత్తవ్వ జనన సర్టిఫికెట్టు. పుట్టిన చోటు వ్రాయు గడిలో ఇంటి నెంబరు గాని వీథి పేరు గాని ఉండదు. ఫలాని యూనియను వర్కుహౌసు అని మాత్రముండును. తండ్రి పేరు వ్రాయవలసిన గడిలో నొక గీత. తల్లి చేవ్రాలునకు బదులు ఒకదానిపై నొకటి పడిన రెండు గీతల నిశాని. దాని ప్రక్కను అది ఎవరి నిశానియో తెలుపు గుమాస్తా వ్రాత. బ్రతికియున్నంత కాలము ఆ ముత్తవ్వ తాను ఫలాని పల్లెలో పుట్టితిననియు, తండ్రి ఓడమీద పోయి తిరిగి రాలేదనియు చెప్పియుండును. ఆమె బిడ్డలు ఆ మాటనే తమ బిడ్డలకు చెప్పియుందురు. మూడు తరములు నమ్మిన కథ ఒక్క కాగితముతో పోవును. చదివిన మనుమరాలికి మొదట కలుగునది సిగ్గు, పిమ్మట జాలి, తరువాత, ఆ తల్లి ఎవరు, అక్కడి కేల పోయెను, ఎట్లు బ్రతికెను అను ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము చాలవరకు దొరకునని చెప్పుటకే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

ముందు వర్కుహౌసనగా నేమో తెలియవలెను. అది మన సత్రము వంటిది కాదు. 1601లో ఎలిజబెత్తు రాణి కాలమున చేసిన బీదల చట్టము ప్రకారము ప్రతి పారిషు, అనగా చర్చి చుట్టునున్న ప్రతి గ్రామమండలి, తనలోని బీదలను తానే పోషింపవలెను. అందుకై ఇండ్లు భూములు గలవారిపై పన్ను వేసెడివారు. బీదవారికి ఇంటివద్దనే కొంత రొట్టె, కొంత రొక్కము ఇచ్చుట వాడుక. కాలక్రమమున ఆ పన్ను పెరిగినది. పన్ను కట్టువారు మొఱవెట్టిరి. 1834లో క్రొత్త చట్టము వచ్చెను. సుమారు 15,000 పారిషులను గుంపులుగా కలిపి సుమారు 600 యూనియనులు చేసిరి. ఒక్కొక్క యూనియనుకు పన్ను కట్టువా రెన్నుకొనిన గార్డియనుల బోర్డు, ఆ బోర్డుక్రింద నొక పెద్ద వర్కుహౌసు ఏర్పడెను. ఒడలిలో శక్తి గలవారికి సాయము కావలెనన్న ఆ యింటిలోనికి రావలెను. ఆ యింటిలోని బ్రతుకు వెలుపలి కడుపేద కూలివాని బ్రతుకుకంటె హీనముగా నుండవలెను. అపుడే గత్యంతరము లేనివారు తప్ప ఎవరును రారు. ఇది చట్టము చేసినవారి తర్కము. ఇంతటి క్రూరమైన లెక్కను పొదుపు అను పేరుతో చేయగలుగుట ఆ కాలపు పెద్దమనుష్యులకే చెల్లెను.

గుమ్మము దాటగనే కట్టుబట్టలు తీసికొని, ఉతికి, మూటగట్టి దాచి, వర్కుహౌసు దుస్తు లిచ్చెడివారు. స్నానము, వైద్యుని పరీక్ష జరిగెడివి. తరువాత మనుష్యులను ఏడు తరగతులుగా విడదీసెడివారు: ముసలి పురుషులు, పనిచేయగల పురుషులు, మగపిల్లలు, ముసలి స్త్రీలు, పనిచేయగల స్త్రీలు, ఆడపిల్లలు, ఏడేండ్లలోపు బిడ్డలు. భార్యాభర్తలు కలిసివచ్చినను వేరువేరు పెరడులలో ఉండవలెను. ఏడేండ్లు దాటిన బిడ్డ తల్లి ప్రక్కను పండుకొనరాదు. ఉదయమున జావ, రొట్టె. కొన్ని దినములు మాత్రము మాంసము. స్త్రీలకు గచ్చు తోముట, బట్టలుతుకుట, వంట, కుట్టుపని. తారుపూసిన పాత ఓడత్రాళ్ళను వ్రేళ్ళతో విప్పి పీచు చేయుట మరియొక పని. గోళ్ళు పగిలి నెత్తురు కారెడిది. 1845లో ఆండోవరు వర్కుహౌసున ఎముకలను దంచుపనికి పెట్టిన పురుషులు ఆకలికి తాళలేక ఆ క్రుళ్ళిన ఎముకలలోని మూలుగను తినుచున్నారని బయటపడి దేశమంతట గగ్గోలయ్యెను. పార్లమెంటు విచారణ జరిగి, 1847లో ఆ శాఖను నడుపు కమిషనర్లనే తొలగించిరి. నాటింగ్హాము జిల్లా సౌత్‌వెల్‌లో 1824లో కట్టిన వర్కుహౌసు కొంతకాలమునుండి ప్రదర్శనశాలగా నున్నది. దానిని మాదిరిగా చూచియే తరువాతి వర్కుహౌసు లనేకము కట్టిరి. ఒక పెరటివారికి మరియొక పెరటివారు కనబడకుండ ఎత్తైన గోడలు కట్టిన తీరును అక్కడ ఇప్పటికిని చూడవచ్చును.

ఇట్టి చోట ప్రసవించుటకు ఏ తల్లియైనను ఏల పోవును? అచట పుట్టిన ప్రతి బిడ్డయు పెండ్లికాని తల్లి బిడ్డ యనుకొనుట తప్పు. భర్త చనిపోయిన స్త్రీ, భర్త పనికై దేశాంతరము పోయి జాడలేని స్త్రీ, జబ్బుపడినవాని భార్య, అద్దె కట్టలేక వీథిని బడిన కుటుంబపు ఇల్లాలు, వీరందరును అక్కడికి వచ్చెడివారే. దాతలు నడుపు ప్రసూతి ఆసుపత్రులు కొన్ని యుండెను గాని, వానిలో పెక్కింటికి పెద్దమనుష్యుల సిఫారసు చీటీ కావలెను, పెండ్లియైనట్లు నిదర్శనమును కావలెను. చీటీ లేని తల్లికి మంత్రసాని, పక్క, వేడినీళ్ళు దొరకు చోటు ఆ ఊర వర్కుహౌసు పురిటిగది యొక్కటియే.

పెండ్లికాని తల్లుల గతి మరింత దారుణము. 1834కు పూర్వము అట్టి బిడ్డకు ఏ పారిషులో పుట్టిన ఆ పారిషులోనే నెలవు హక్కు. అనగా ఆ బిడ్డ పోషణభారము ఆ యూరిదే. అందుచేత నెలలు నిండిన కన్యను ఎట్లయినను పొలిమేర దాటింపవలెనని పారిషు అధికారులు తొందరపడెడివారు. అయినను తండ్రి ఎవరో విచారించి అతనిచేత సొమ్ము కక్కించు పద్ధతి ఉండెడిది. 1834 చట్టము అతనిని చాలవరకు విడిచిపెట్టి, బిడ్డకు పదునారేండ్లు వచ్చువరకు భారమంతయు తల్లిపై మోపెను. ఇట్లు చేసినచో స్త్రీలు జాగ్రత్తగా నుందురట! పురుషుని జాగ్రత్త మాట ఎవరికిని తోచలేదు. 1844లో మరల చట్టము మార్చి, తల్లి తానే న్యాయాధికారి నాశ్రయించి బిడ్డ తండ్రినుండి వారమునకు రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు రాబట్టుకొనవచ్చు ననిరి. 1872లో ఆ గరిష్ఠమును ఐదు షిల్లింగులు చేసిరి. కొన్ని వర్కుహౌసులలో పెండ్లికాని తల్లులకు పసుపురంగు గౌను తొడిగి వేరుచేసి నిలువబెట్టెడివారు. అట్టి అవమానపు దుస్తులు తగవని 1839లో కమిషనర్లే ఉత్తరువు పంపవలసివచ్చెను.

స్త్రీలు గార్డియనులుగా కూర్చుండుటకు 1875 వరకు పట్టినది; ఆ యేట లండనులోని కెన్సింగ్టనున మార్తా మెరింగ్టన్ అను నామె మొదట ఎన్నికయ్యెను. తరువాత స్త్రీల వోటుహక్కుకై పోరాడి జగత్ప్రసిద్ధురాలైన ఎమ్మెలీను పాంక్‌హర్‌స్టు 1894లో మాంచెస్టరు నగరపు చోర్ల్టను యూనియనులో గార్డియను అయ్యెను. చలిలో రాతినేలలు తోముచున్న ఏడెనిమిదేండ్ల ఆడపిల్లలను, నెలలు నిండియు గచ్చు రుద్దుచున్న గర్భిణులను ఆమె కన్నులార చూచెను. ఆ తల్లులలో చాలమంది కొంపలలో దాసీపని చేసికొను చిన్న వయసు పిల్లలే. పురుడు పోసికొనిన రెండు వారములకు వారికి రెండే దారులు: బిడ్డను వేరుగదిలో విడిచి వర్కుహౌసు పనిలో కుదురుకొనుట, లేదా ఆ పసికందును ఎత్తుకొని ఇల్లు లేక, డబ్బు లేక వీథిలోనికి పోవుట. 1914లో వెలువడిన తన ఆత్మకథలో ఆమె దీనిని వ్రాసెను. 1898లో భర్త పోగా కుటుంబపోషణకై ఆమె జనన మరణముల రిజిస్ట్రారు ఉద్యోగము చేసెను. పగలు పనికి పోవు స్త్రీలకొరకు సాయంకాలములందు కచేరి తెరచి యుంచెను. పదుమూడేండ్ల బాలికలు తమ బిడ్డల జననము వ్రాయించుటకు ఆమె బల్లముందర నిలిచిరట. నేటి మనుమరాండ్రు తెప్పించుకొను సర్టిఫికెట్టులలోని గీత ఇట్టి బల్లలవద్ద పడినదే.

ఇక ఆ కాగితమును చదువు విధము. ఇంగ్లండులో ప్రభుత్వమువారు జననములను వ్రాయుట 1837 జూలై 1వ తేదీన మొదలైనది. 1875 మొదలు పెండ్లికాని తల్లి చెప్పినంత మాత్రమున తండ్రి పేరు వ్రాయరాదు. అతడు స్వయముగా వచ్చి ఆమెతో బాటు చేవ్రాలు చేయవలెను. కాబట్టి తండ్రి గడిలో గీత యున్నంతమాత్రమున తల్లికి అతడెవరో తెలియదని యనుకొనరాదు. అతడు రాలేదనియే అర్థము. కొందరు తల్లు లొక ఉపాయము చేసిరి. బిడ్డ పేరునకును ఇంటిపేరునకును నడుమ మరియొక పేరు పెట్టి, అందులో తండ్రి ఇంటిపేరును దాచిరి. మధ్యలోని పేరు వింతగా, ఇంటిపేరువలె నున్నచో వెదకువారు దానిని విడువరాదు. చట్టము మూసిన తలుపున తల్లి పెట్టిన చిన్న సందు అది.

పుట్టినచోటు గడిలోను ఒక మర్మము కలదు. 1904 మొదలుకొని, వర్కుహౌసున పుట్టిన బిడ్డకు జీవితాంతము ఆ మచ్చ ఉండగూడదని, రిజిస్ట్రారు జనరల్ ఒక కనికరపు పని చేసెను. సర్టిఫికెట్టుపై వర్కుహౌసు అని వ్రాయక, ఒక వీథి పేరును నెంబరును మాత్రమే వ్రాయుమనెను. లివర్‌పూలు వర్కుహౌసున పుట్టిన బిడ్డలకు 144ఎ, బ్రౌన్లో హిల్ అని యుండును. ఆ నెంబరుగల కొంప కనబడక ఆ వీథి యంతయు వెదకి విసిగిన మనుమలు కలరు. కాబట్టి 1904 తరువాతి చిరునామా అనుమానముగా తోచినచో, ఆ వీథిలో వర్కుహౌసు ఉండెనా యని పాతపటమున చూచుట మంచిది.

సర్టిఫికెట్టు దొరికిన పిమ్మట వర్కుహౌసు దస్తరములు. ఇవి ఒకచోట లేవు. చాలవరకు ఆయా జిల్లాల రికార్డు కార్యాలయములలో నున్నవి. లండను యూనియనులవి లండను రికార్డు కార్యాలయమున కలవు. గార్డియనులకును లండనులోని పై యధికారులకును జరిగిన ఉత్తరప్రత్యుత్తరములు క్యూలోని జాతీయ రికార్డు కార్యాలయమున సంపుటములుగా నున్నవి. కొన్ని యూనియనుల పుస్తకములు చెదలకును, తడికిని, అక్కరలేదని పారవేసిన గుమాస్తాలకును ఆహుతియైనవి. దొరికినచో మొదట చూడవలసినది ప్రవేశ నిష్క్రమణముల రిజిస్టరు. ఎవరు ఏ దినమున వచ్చిరి, ఏ పారిషువారు, ఏ కారణముచే వచ్చిరి, ఎపుడు పోయిరి అని అందుండును. ప్రసవమునకు ఒకటి రెండు వారములు ముందు వచ్చి, నెలలోపల బిడ్డతో పోయిన తల్లికి వర్కుహౌసు కేవలము పురిటిల్లు. శీతకాలమందెల్ల వచ్చుచు వేసవిలో పోవుచున్న తల్లి పొలముపనులమీద బ్రతికినదని ఊహింపవచ్చును. ఒంటరిగా బయటికి పోయి, ఆరేండ్ల బిడ్డను లోపలనే యుంచిన తల్లిని గూర్చి మాత్రము తొందరపడి తీర్పు చెప్పరాదు.

1869 మొదలు మతమును తెలుపు మరియొక రిజిస్టరు తప్పనిసరి యయ్యెను. కాథొలిక్కు బిడ్డలను ప్రొటెస్టెంటులుగా పెంచుచున్నారన్న తగవులు తీర్చుటకు పెట్టిన పుస్తకమది. నేడు వంశము వెదకువారికి పెన్నిధి. కొన్నింట దగ్గరి బంధువు పేరు, అంతకుముందు ఏ యింటినుండి వచ్చినది గూడ వ్రాసి యుండును. వర్కుహౌసు గురువు ఇచ్చిన బాప్తిస్మముల పుస్తకము, వర్కుహౌసు జననముల పుస్తకము, తప్పులకు శిక్షలు వేసిన పుస్తకము గూడ కొన్నిచోట్ల మిగిలియున్నవి. అన్నింటికంటె విలువైనవి మాత్రము 1834కు ముందరి నెలవు విచారణ కాగితములు. ఒక స్త్రీ ఏ యూరికి చెందినదో తేల్చుటకు న్యాయాధికారి ఆమెను ప్రమాణము చేయించి అడిగెడివాడు: ఎక్కడ పుట్టితివి, ఎవరింట కొలువు చేసితివి, ఎన్నేండ్లు, జీతమెంత, ఎవరిని పెండ్లాడితివి. తన పేరు వ్రాయనేరని దాసి జీవితచరిత్ర ఆమె నోటిమాటలతో ఇట్లు పుటలకెక్కినది. ప్రభువుల యింట పుట్టిన స్త్రీలకు సైతము ఇంత వివరమైన చరిత్ర తరచుగా దొరకదు.

పదేండ్లకొకమారు తీసిన జనసంఖ్య పుస్తకములును ఉపకరించును. 1841 మొదలు 1921 వరకు గలవి చూచుటకు అనుమతి కలదు; 1921వి 2022లో బయట పెట్టిరి. 1931వి 1942లో నగ్నిప్రమాదమున కాలిపోయెను. 1941లో యుద్ధముచే తీయనేలేదు. వర్కుహౌసులోనివారిని ప్రత్యేకపుటలలో వ్రాసెడివారు గాని, కొందరు మాస్టర్లు పూర్తిపేర్లు వ్రాయక మొదటి అక్షరములు మాత్రమే వ్రాసిరి. వయస్సును, పుట్టిన యూరును సరిచూచియే పోల్చుకొనవలెను. పేరు వ్రాయనేరని తల్లి చెప్పిన ఇంటిపేరును గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసికొనును. ఒకే స్త్రీ పేరు మూడు పుస్తకములలో మూడు విధములుగా నుండును. ఒకే పేరుగల ఇద్దరు స్త్రీలలో తమవారు కానివారిని ముత్తవ్వగా చేసికొని యేండ్లకొలది ఆమె వంశమును వెదకినవారును కలరు.

దస్తరము ఎంత చెప్పునో, ఏది చెప్పదో తెలియుటకు మన చదువరు లందరు నెరిగిన యొకరి కథ చాలును. చార్లీ చాప్లిను వర్కుహౌసున పుట్టినవాడు కాడు. 1889 ఏప్రిలున పుట్టిన అతని జనన సర్టిఫికెట్టు ఇంతవరకు ఎవరికిని దొరకనే లేదు. కాని ఏడేండ్లవాడై 1896 మే నెలలో తల్లి హన్నాతోను, అన్న సిడ్నీతోను లండనులోని వర్కుహౌసున ప్రవేశించెను. తల్లి నాటకశాలలలో పాడెడి గాయని. గొంతు పోయినది, భర్త విడిచెను, కుట్టుపనితో ఇల్లు గడుపలేకపోయెను. బిడ్డలను హాన్‌వెల్‌లోని బీదపిల్లల పాఠశాలకు పంపివేసిరి. 1898 జూలైలో మరల ఆ మువ్వురును లాంబెతు వర్కుహౌసునకు వచ్చిరి. పిల్లలను ఈమారు నార్వుడ్డునకు పంపిరి. ఆగష్టులో ఒకనాడు తల్లి తాను పోయెదనని నోటీసు ఇచ్చెను. నియమము ప్రకారము బిడ్డలను తెప్పించి, వారి పాతబట్టలు వారికిచ్చి, మువ్వురిని గుమ్మము దాటించిరి. ఆ సాయంకాలమే వారు తిరిగివచ్చి మరల చేర్చుకొనుడని యడిగిరి. రిజిస్టరు చూచువానికి ఇది పిచ్చిపని వలె తోచును. ఉదయము పోయి సాయంత్రము వచ్చుటేల?

ఎందుకో ఆ బిడ్డయే పెద్దవాడై 1964లో తన ఆత్మకథలో చెప్పెను. బిడ్డలను చూడకుండ నుండలేక ఆ తల్లి పన్నిన పన్నాగ మది. ఉండుటకు ఇల్లు లేదు. సిడ్నీ చేతిగుడ్డలో ముడివేసిన తొమ్మిది పెన్నీలు మాత్రమున్నవి. వానిలో కొంతపెట్టి అరపౌను నల్ల చెర్రీపండ్లు కొని, కెన్నింగ్టను ఉద్యానమున బల్లపై కూర్చుండి తినిరి. కాగితమును ఉండచుట్టి, దారముకట్టి బంతిగా చేసి మువ్వురును ఆడుకొనిరి. మిగిలిన డబ్బుతో మధ్యాహ్నము ఒక కొట్టులో తేనీరు త్రాగిరి. తరువాత తిరిగి ఆ గుమ్మమునకే నడచిరి. బట్టలన్నియు మరల ఆవిరి పట్టవలసివచ్చెనని అధికారులు మండిపడిరట. ఆ తరువాత కొన్ని వారములకే హన్నాకు మతి చలింపగా పిచ్చి ఆసుపత్రికి పంపిరి.

పోక యొకటి, రాక యొకటి. రిజిస్టరులో నున్నది ఇంతే. ఇట్టి పోకరాకలు ఎన్ని వేల మంది తల్లుల పేర్ల కెదుట నున్నవో, వారి బిడ్డ లెవరును ఆత్మకథలు వ్రాయలేదు. అందుచేతనే వర్కుహౌసు పుస్తకమును చదువుటకు కన్నులతో బాటు కొంత మనస్సును గూడ కావలెనని మేమందుము. ఆ లాంబెతు వర్కుహౌసు కార్యాలయభవనమున నేడు సినిమా ప్రదర్శనశాల యున్నది; చాప్లిను బొమ్మలు అక్కడ గోడలకు వ్రేలాడుచున్నవి.

కొందరి జాడ ఇంగ్లండులో దొరకదు. 1869 మొదలు మరియా రై, ఆనీ మాక్‌ఫర్సను అను నిద్దరు స్త్రీలు దిక్కులేని బిడ్డలను ఓడలమీద కెనడాకు కొనిపోయి పొలాల యిండ్లలో కుదిర్చిరి. వారిలో వర్కుహౌసు బిడ్డలును ఉండిరి. మంచి గాలి, మంచి తిండి అని గార్డియనులు సంతోషించిరి. పన్ను తగ్గుట మరింత సంతోషము. ఆండ్రూ డాయిలు అను అధికారి అక్కడికి పోయి చూచి, ఆ బిడ్డల మంచిచెడ్డలను కనుగొనువారే లేరని 1875లో నిష్ఠురముగా వ్రాసెను. అయినను వేరువేరు సంస్థల మూలమున 1930ల వరకు సుమారు లక్షమంది బిడ్డలు ఇట్లు కెనడా చేరిరి. నేడు ఇంగ్లండు వర్కుహౌసు రిజిస్టర్లకై ఉత్తరములు వ్రాయువారిలో కెనడావారు మిక్కుటముగా నుండుటకు కారణమిది.

ముత్తవ్వ దాచిన గుట్టును మనుమరాలు బయట పెట్టవచ్చునా యని మా చదువరులలో కొందరు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పెండ్లికాని కూతురి బిడ్డను అవ్వయే తన బిడ్డగా పెంచిన యిండ్లు ఆ దేశమున అనేకము. ఆ బిడ్డ తన తల్లిని అక్కా యని పిలుచుచు పెరుగును. నలుబదియెనిమిదేండ్ల యిల్లాలి పేరు క్రింద నెలల బిడ్డను జనసంఖ్య పుస్తకమున చూచిన వెదకువానికి అనుమానము తోచును. ఇంట నింకను బ్రతికియున్న వృద్ధురాలికి ఆ మాట చెప్పుటకు ముందు పదిమార్లు ఆలోచింపవలెను. ఆమెకు తెలియకున్నచో తెలుపుట ధర్మమా? తెలిసియే మౌనముగా నున్నచో రేపుట ధర్మమా? ఏ రికార్డు కార్యాలయమును దీనికి జవాబు చెప్పదు. కాని చనిపోయినవారి విషయమున మాకు తోచునది వేరు. ఆ గుట్టులో దాగినది ఆమె పాపము కాదు. తలుపు వేసికొనిన తండ్రి, పొలిమేర దాటించిన ఊరు, ఎత్తుగోడలు కట్టిన చట్టము. ఆమె దాచినది ఇతరుల సిగ్గును. దానిని ఆమె మీదనుండి దింపుట అపచారమని మే మనుకొనము.

ఆ భయ మెంత లోతునకు పోయెనో చూడుడు. 1930 ఏప్రిలు 1వ తేదీన గార్డియనుల బోర్డులు రద్దయినవి. 1948లో బీదల చట్టమే పోయి, దేశమందరికిని ఉచితవైద్యము వచ్చినది. పాత వర్కుహౌసు భవనములలో చాల ఆసుపత్రులు వెలసినవి. సున్నము కొట్టి, పేరు మార్చి, మంచి వైద్యులను పెట్టినను, ఆ ఊరి ముసలివారు జబ్బుచేసినను ఆ గుమ్మము త్రొక్కుటకు ఒప్పుకొనెడివారు కారు. అది తమ బాల్యమున ఏ యిల్లో వారికి తెలియును. గార్డియనుల కాలమున ఆ గోడలలోపల పుట్టినవారిలో నేడింకను బ్రతికియున్నవారు తొంబదియేండ్లు దాటినవారు. అట్టివారికి సంబంధించిన వైద్యపు పుస్తకములు, రిజిస్టర్లు సాధారణముగా నూరేండ్లు నిండువరకు పరులకు చూపరు.

వెదకువారికి ఒక చిన్నమాట. జనన సర్టిఫికెట్టులు రెండు చోట్ల దొరకును. దేశమంతటికి గల పెద్ద కార్యాలయము పంపునది అక్కడికి మూడునెలల కొకమారు చేరిన నకలునుండి తీసినది. అందలి చేవ్రాళ్ళును నిశానులును గుమాస్తా చేతివే. తల్లి వచ్చి, కలము పట్టి గీచిన అసలు నిశాని బిడ్డ పుట్టిన జిల్లా రిజిస్ట్రారు పుస్తకమున మాత్రమే యుండును. ఆమె చేతిగీతలను చూడదలచినవారు అక్కడికే వ్రాయవలెను.